మూడు రోజుల జ్ఞాపకశక్తి తరగతి: ఆరున్నర వేలకు ఏం వచ్చింది

విజయవాడ మొగల్రాజపురంలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద జరిగిన జ్ఞాపకశక్తి శిక్షణ తరగతిలో మా మేనల్లుడి పక్కన నేనూ కూర్చున్నాను. విద్యార్థికి ఆరున్నర వేలు, వెంట వచ్చే పెద్దవాళ్లకు రెండు వేలు. రెండు పూటలా టీ, మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు. ఏలూరు రోడ్డు నుంచి పటమట దాకా ఆటోల వెనక, కరెంటు స్తంభాల మీద ఇలాంటి ప్రకటనలు చాలా కనిపిస్తాయి. వాటి కరపత్రాలు తెచ్చి చూశాను, పాఠ్యక్రమం దాదాపు ఒక్కటే. కాబట్టి ఇక్కడ రాసేది ఏ ఒక్కరి గురించో అనుకోనక్కర్లేదు.

నేను సత్యనారాయణపురంలో ఉంటాను. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. సోమవారం చక్కగా తలలూపిన పిల్లలు శుక్రవారానికి అదే పాఠాన్ని మొదటిసారి విన్నట్టు ముఖాలు పెట్టడం ఉద్యోగం పొడుగునా చూశాను. ఎందుకిలా అని, మనసు ఎలా గ్రహిస్తుంది, ఎలా నేర్చుకుంటుంది అనేది ప్రయోగాలు చేసి తేల్చే సంజ్ఞానాత్మక మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసినవి వెతుక్కుని చదవడం అలవాటైంది. మేనల్లుడు నీట్‌కు చదువుతున్నాడు. 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే. "అత్తా, చదివింది నిలవడం లేదు" అని వాడు గొడవ చేస్తుంటే, కరపత్రం చూసి మా తమ్ముడు డబ్బు కట్టేశాడు.

ముందే తేల్చి చెబుతాను. వాళ్లు అమ్మినదానిలో కొంత నిజం ఉంది, కొంత పాత అబద్ధం ఉంది. పిల్లవాడికి బాగా పనికొచ్చింది మాత్రం వాళ్ల కరపత్రంలో ఎక్కడా లేదు.

మొదటి ఉదయం ప్రదర్శన. కోటు వేసుకున్న శిక్షకుడు హాల్లో కూర్చున్న పిల్లల చేత తలా ఒక అంకె చెప్పించి, బోర్డు మీద నలభై అంకెలు రాయించారు. వీపు తిప్పుకుని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు అప్పజెప్పారు. చప్పట్లు మారుమోగాయి. ఇందులో మోసం ఏమీ లేదు, ఆయన సాధన చేసిన మనిషి. మోసం ఆ తర్వాతి వాక్యంలో ఉంది: "నా జ్ఞాపకశక్తి ఇలా పెరిగింది, మీది కూడా పెరుగుతుంది."

ఈ విషయం మీద 1980లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ కలిసి ఒక మామూలు విద్యార్థి చేత అంకెలు గుర్తుపెట్టుకునే సాధన చేయించారు. మొదట్లో అతనికి అందరిలాగే ఏడు అంకెలు నిలిచేవి. ఇరవై నెలల్లో సుమారు 230 గంటల సాధన తర్వాత 79 అంకెలు ఒప్పజెప్పగలిగాడు. అతను దూర పరుగుల ఆటగాడు. 3492 అని వినగానే దాన్ని 3 నిమిషాల 49.2 సెకన్లుగా, మైలు పరుగు రికార్డుకు దగ్గరి సమయంగా మార్చుకునేవాడు. అప్పుడు శాస్త్రవేత్తలు అంకెలు ఆపి అక్షరాలు ఇచ్చి చూశారు. ఆరు హల్లుల దగ్గర ఆగిపోయాడు. పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, అంకెలను అర్థంగా మార్చుకునే నేర్పు. అది అంకెల దగ్గరే ఉండిపోయింది.

తెలుగువాళ్లకు ఇది ఇంకొకరు చెప్పాల్సిన సంగతి కాదు. మా నాన్నగారు తెలుగు పండితులు, అష్టావధానాల్లో పృచ్ఛకులుగా, అంటే అవధానిని ప్రశ్నించేవారిలో ఒకరిగా కూర్చునేవారు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లి చూసేదాన్ని. ఒకరు పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది (పద్యంలో రావలసిన మాటలు), ఒకరు నిషిద్ధాక్షరి (వాడకూడదని అక్షరాలు అడ్డుపెట్టడం). మధ్యలో ఒకరు అప్రస్తుత ప్రసంగంతో అవధానిని ఇబ్బంది పెడుతుంటారు, వెనక ఎవరో గంట కొడుతుంటారు. ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం చెబుతూ వెళ్లి, చివర అన్ని పద్యాలూ ధారణ చేస్తారు, అంటే తిరిగి ఒప్పజెబుతారు అవధాని. సభ లేచి నిలబడుతుంది. అదే అవధాని భోజనాల దగ్గర కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం కూడా చూశాను. నాన్నగారు నవ్వి, "కళ్లజోడుకు ఛందస్సు లేదు కదమ్మా" అన్నారు.

ఆ మాటలో శాస్త్రం ఉంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, రెండో అక్షరం ప్రాసకు లొంగాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య తప్పు మాట వచ్చి కూర్చోవడానికి చోటు ఉండదు, సరైనది దానంతట అది తోస్తుంది. పైగా ఆ పద్యం అవధాని స్వయంగా అల్లినది, వెనక ఏళ్ల తరబడి చదివిన కావ్యాలు ఉన్నాయి. చదరంగం మీద చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో చేసిన పనిలోనూ ఇదే తేలింది. నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపిస్తే నిష్ణాతుడు కొత్తవాడికన్నా చాలా ఎక్కువ పావులను సరిగ్గా తిరిగి పేర్చాడు. పావులను ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే అతనికీ కొత్తగా నేర్చుకున్నవాడికీ పెద్ద తేడా లేదు. విషయం తెలిసినకొద్దీ ఆ విషయంలో జ్ఞాపకం పెరుగుతుంది, విడిగా జ్ఞాపకశక్తి అనే కండ ఏదీ పెరగదు.

మధ్యాహ్నం అంకెలను హల్లులుగా మార్చే పద్ధతి నేర్పారు. ఒకటికి ట, రెండుకు న, మూడుకు మ. దాన్ని బట్టి 32 అంటే 'మూన్', 17 అంటే 'డాగ్'. ఇది పాశ్చాత్య దేశాల రహస్యం అన్నట్టు చెప్పారు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలను అడిగితే చెబుతారు, మనకు అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది ఉంది. ధీరశంకరాభరణంలో 'ధీ' అంటే తొమ్మిది, 'ర' అంటే రెండు, తిరగేస్తే 29వ మేళకర్త (మూల రాగం). మేచకల్యాణి 65. ఇంగ్లీషు మాటల దగ్గర తడబడుతున్న తెలుగు మాధ్యమం పిల్లలు ఆ హాల్లో కనీసం రెండు వరుసలున్నారు. వాళ్లకు ఇది చెప్పి ఉంటే సులువయ్యేది. టీ విరామంలో శిక్షకుడి గారికి చెప్పాను. చాలా ఆసక్తిగా విని, సాయంత్రం కూడా మూన్, డాగ్ అనే చెప్పారు.

రెండో రోజు సగం నేను సంతోషంగా కూర్చున్నాను. జ్ఞాపకాల దారి అనే పద్ధతి అది. సిమోనిడీస్ అనే గ్రీకు కవి కథగా సిసెరో రెండు వేల ఏళ్ల కిందట రాసిపెట్టాడు: కూలిన విందు మందిరంలో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో తలచుకుని కవి శవాలను గుర్తుపట్టాడట. తెలిసిన దారిలో ఒక్కో చోట ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోవడమే కిటుకు. పిల్లలకు బందరు రోడ్డు ఇచ్చారు, ఈ ఎంపికకు పూర్తి మార్కులు. స్కాండియం నుంచి జింకు దాకా పది మూలకాలను వరుసలో పెట్టమన్నారు. మా వాడు బస్టాండులో సామాన్లు చూసే స్కానర్ పెట్టాడు, అది స్కాండియం. పోలీసు కంట్రోల్ రూమ్ ముందు టైటానిక్ ఓడ. రాఘవయ్య పార్కులో వెనేడియం కోసం వెన్నముద్ద. అంబేద్కర్ స్మృతివనం దగ్గర క్రోమియం పూత మెరుస్తున్న బుల్లెట్ బండి. స్టేడియం నిండా మాంగనీసు మామిడికాయలు. అలా వెళ్లి వెళ్లి చివర బెంజి సర్కిల్ మధ్యలో బెదిరి నిలబడిన జింక. వరుస ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు.

ఈ పద్ధతి పనిచేస్తుందని చెప్పడానికి మంచి ఆధారం కూడా ఉంది. 2017లో మార్టిన్ డ్రెస్లర్ బృందం మామూలు మనుషులకు రోజుకు అరగంట చొప్పున నలభై రోజులు దీన్ని నేర్పించింది. మొదట 72 మాటల్లో ముప్పై లోపు గుర్తుపెట్టుకున్నవాళ్లు చివరికి అరవై దాటారు. అయితే ఆ నలభై రోజులను గమనించండి. ఇక్కడ దానికి ఇచ్చింది ఒక పూట.

ఇంకో సంగతి. ఇంటికి వెళ్తూ కారులో అడిగాను: "క్రోమియంలో బయటి ఎలక్ట్రాన్ల అమరిక 3డి4 4ఎస్2 కాకుండా 3డి5 4ఎస్1 ఎందుకయింది?" పరీక్షలో అడిగేది ఇది. స్మృతివనం ముందున్న బుల్లెట్ బండి దీనికి జవాబు చెప్పదు. పేర్ల వరుస, సంవత్సరాలు, వర్గీకరణలో మెట్లు, ఇలాంటివాటికి దారి పద్ధతి బాగుంది. కారణం అడిగే ప్రశ్న వస్తే పాఠం అర్థమై ఉండాల్సిందే. 2013లో జాన్ డన్లాస్కీ బృందం చదువుకునే పద్ధతులు పదింటిని తూచి చూసినప్పుడు, మాటలకు బొమ్మలు తగిలించే కిటుకును తక్కువ ప్రయోజనం ఉన్న వరుసలోనే పెట్టింది. పుస్తకంలో రంగు గీతలు కొట్టడం కూడా ఆ వరుసలోనిదే. ఈ సంస్థ ఇచ్చిన నల్ల సంచీలో ఐదు రంగుల పెన్నులున్నాయి.

ఇక అబద్ధాల భాగం. మెదడులో పది శాతమే వాడుతున్నామన్న పాత పాట మళ్లీ విన్నాను. శరీర బరువులో రెండు శాతం ఉండే మెదడు మనం ఖర్చు చేసే శక్తిలో ఇరవై శాతం తింటుంది. తొంభై శాతం నిద్రపోయే అవయవానికి అంత మేత ఎవరు పెడతారు? ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు అని ఒక బొమ్మ, దాని పక్కన నోబెల్ బహుమతి పొందిన రోజర్ స్పెర్రీ పేరు. స్పెర్రీ చూసింది రెండు అర్ధగోళాల మధ్య వంతెన కోసేసిన రోగులను, నీట్ పిల్లలను కాదు.

వీటివల్ల నష్టం లేదు, వింటాం, మరిచిపోతాం. నష్టం కలిగించింది ప్రశ్నపత్రం. ముప్పై ప్రశ్నలకు టిక్కులు పెట్టించి ప్రతి పిల్లవాడికీ ఒక ముద్ర వేశారు: నువ్వు చూసి నేర్చుకునేవాడివి, నువ్వు వినేవాడివి, నువ్వు చేతులతో చేసేవాడివి. మా వాడికి 'వినేవాడు' అని వచ్చింది. ఇంటికి రాగానే జీవశాస్త్రం పుస్తకంలోని పటాలు వేయడం మానేసి చెవిలో పాఠాలు పెట్టుకుని పడుకున్నాడు. పుష్ప చిత్రాన్ని చెవితో ఎవరు నేర్చుకోగలరు? ముద్రకు తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే తేల్చారు. ఎవరికి ఏది ఇష్టమన్నది వేరు, దానివల్ల ఎక్కువ వస్తుందా అన్నది వేరు. పటం ఉన్న విషయాన్ని పటంతోనే నేర్చుకోవాలి, పిల్లవాడు ఎవరైనా సరే. వాడి తలలోంచి ఆ ముద్ర తీయడానికి నాకు చాలా కాఫీ ఖర్చయింది.

వేగంగా చదివించే పూట గురించి క్లుప్తంగా. వేలు పేజీ మీద కిందికి జారుస్తూ, పేజీని ఫోటో తీసినట్టు చూడమన్నారు. కన్ను అలా పనిచేయదు. చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. స్పష్టంగా కనిపించే మేర ఇంచుమించు అంతే. మిగతాదంతా మసక. అందుకే చదివేటప్పుడు కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతుంది. 2016లో కీత్ రేనర్, ఆయన సహచరులు దశాబ్దాల పరిశోధనను కూడగట్టి చెప్పింది ఒకటే: వేగం పెంచితే అర్థం తగ్గుతుంది, వేగం నిజంగా పెరగాలంటే భాష, విషయం బాగా తెలిసి ఉండాలి. హాల్లో పిల్లలను ఎన్ని పేజీలు తిప్పారని అడిగారు, వాటిలో ఏముందని ఎవరూ అడగలేదు.

గొరిల్లా వీడియో కూడా వేశారు. తెల్ల చొక్కాలవాళ్లు బంతి ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమంటారు, మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచి వెళ్తాడు. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ 1999లో ప్రచురించిన ప్రయోగం అది. చూసినవాళ్లలో సుమారు సగం మందికి గొరిల్లా కనిపించలేదు. మా హాల్లోనూ గట్టిగా నవ్వులు. "చూశారా, మీ మెదడు శక్తి నిద్రపోతోంది, మేము లేపుతాం" అన్నారు శిక్షకుడు. ప్రయోగం చెప్పేది దానికి పూర్తిగా విరుద్ధం. నిద్రపోవడం వల్ల కాదు, లెక్క మీద శ్రద్ధ పెట్టినందువల్లే గొరిల్లా తప్పిపోయింది. శ్రద్ధకు హద్దు ఉంది, ఒకదానికి ఇస్తే ఇంకోదానికి మిగలదు. ఫోను పక్కన పెట్టుకుని చదివే పిల్లలకు చెప్పవలసిన మాట చేతికి అంది జారిపోయింది.

ఇప్పుడు కరపత్రంలో లేని సంగతికి వస్తాను. హాజరు వేయడానికి, పులిహోర పొట్లాలు పంచడానికి ఒక అమ్మాయి ఉండేది. బి.ఇడి. చేసిందట. ప్రొజెక్టర్ మొరాయించినప్పుడల్లా, అంటే తరచుగానే, పిల్లలు గోల చేయకుండా మైకు ఆమె చేతికి ఇచ్చేవారు. ఆమె పుస్తకాలు మూయించి ప్రశ్నలు అడిగేది. పొద్దున చెప్పినవి కొన్ని, నిన్నటివి కొన్ని, పిల్లల పాఠ్యపుస్తకాల్లోంచి కొన్ని. జవాబు రాకపోతే పది సెకన్లు ఊరుకునేది, అప్పుడు చెప్పేది, తిరిగి అరగంటకు అదే ప్రశ్న అదే పిల్లవాడిని అడిగేది. నిర్వాహకుల దృష్టిలో ఇది కాలక్షేపం. నా దృష్టిలో మూడు రోజుల్లో జరిగిన అసలు బోధన అదే. నెల తర్వాత మా వాడిని కదిపి చూస్తే, ఆమె అడిగినవి నిలిచాయి. తెర మీద రంగురంగులుగా కనిపించినవి చాలావరకు కొట్టుకుపోయాయి.

హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చారు. ఒకదాన్ని మళ్లీ చదివారు, ఇంకోదాన్ని చూడకుండా గుర్తొచ్చినంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదే పైచేయి: 81 శాతం, రాసినది 75. వారం తర్వాత పెడితే మళ్లీ చదివినది 42కు పడిపోయింది, రాసినది 56 దగ్గర నిలిచింది. పరీక్ష హాలు గుమ్మం ముందు పుస్తకం తిరగేసే పిల్లలకు అది పనిచేస్తున్నట్టు ఎందుకు అనిపిస్తుందో ఆ ఐదు నిమిషాల లెక్కే చెబుతుంది. ఇదే బృందం మూడేళ్ల తర్వాత 177 మంది కళాశాల విద్యార్థులను ఎలా చదువుతారని అడిగితే, నూటికి ఎనభై మందికి పైగా నోట్సు మళ్లీ చదువుతామన్నారు. చూడకుండా గుర్తు తెచ్చుకుంటామన్నవాళ్లు పదకొండు శాతం లోపే.

మా తరంలో పుస్తకం మూసి పాఠం అప్పజెప్పడం రోజూ జరిగేది. తప్పితే దెబ్బలు పడేవి కాబట్టి దానికి చెడ్డపేరు వచ్చింది. దెబ్బలు పోవడం మంచిదే, అప్పజెప్పడం కూడా వాటితో పాటు పోయింది.

ఒకసారి చదివాక మళ్లీ చదవడానికి మధ్య ఇచ్చే ఎడం సంగతి కూడా ఉంది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని పొట్టి మాటల వరుసలను తనే నేర్చుకుని, తనే మరిచిపోతూ లెక్క కట్టాడు: మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది, ఎడం ఇచ్చి నేర్చుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుంది. ఎంత ఎడం అన్నదాన్ని 2008లో నికొలస్ సెపెడా బృందం 1350 మందికి పైగా మనుషుల మీద చూసింది. వారంలో పరీక్ష ఉంటే ఒక రోజు ఎడం బాగుంది, డెబ్బై రోజుల్లో ఉంటే మూడు వారాలు. మన విజయవాడ కళాశాలల్లో వారానికో పరీక్ష పెడతారు కదా, మరి ఫలితం ఏది అంటారా? ఆ వారం పాఠానికి ఆ వారమే పరీక్ష, ముందు రాత్రి బట్టీ, మర్నాడు ర్యాంకు కాగితం. తప్పు రాసిన ప్రశ్న మళ్లీ ఆ పిల్లవాడి ముందుకు రాదు. పరీక్ష మార్కులు కొలవడానికే కాదు, నేర్పడానికి కూడా పనికొస్తుందని ఎవరికీ తోచడం లేదు.

ఇంట్లో ఇప్పుడు నేను చేసేది ఆ అమ్మాయి చేసిందే. తెల్ల కాగితం ఇచ్చి "మొక్కల హార్మోన్లు, గుర్తొచ్చినంత" అంటాను. రాశాక పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో వాడే దిద్దుకుంటాడు. తప్పినవి చీటీల మీద రాసి పాత బిస్కెట్ డబ్బాలో వేస్తాం, కొన్నాళ్లు ఆగి తీస్తాం. వాడికి ఇది నచ్చలేదు. చదివేటప్పుడు వచ్చేసినట్టు ఉంటుంది, రాయబోతే ఏమీ రానట్టు ఉంటుంది అంటాడు. ఆ ఇబ్బందే పని జరుగుతున్న గుర్తు అని రాబర్ట్ బ్యోర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా కాలంగా చెబుతున్నారు. వాడికి మాత్రం "మీ నాన్న కట్టిన ఆరున్నర వేలలో నాకు వాటా ఇమ్మను" అని చెప్పాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం మిగతా వివరాలు. ఏసీ బాగా పనిచేసింది, వెనక వరుసల్లో శాలువా అవసరం. మైకు గరగరమంటుంది. పులిహోర మొదటి రోజు బాగుంది, మూడో రోజు చింతపండు తక్కువైంది, పిల్లలు కింద బండి మీద పునుగులు తిన్నారు. సంచీలో ఇచ్చిన పెన్‌డ్రైవులో 'మెదడు తరంగాల సంగీతం' ఉంది, వీణ మీద నీళ్ల చప్పుడు కలిపారు, నిద్ర బాగా పడుతుంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సెలవుల్లో సరదాగా ఉంటుంది, అంకెల ఆట వాళ్లు బాగా ఆడారు. నీట్, ఈఏపీసెట్ దగ్గర పడిన పిల్లలను పంపి మూడు రోజులు పోగొట్టుకోవద్దు. ముద్రలు వేసే ప్రశ్నపత్రం ఇస్తే ఖాళీగా తిరిగి ఇచ్చేయండి, ఎవరూ అడగరు. ఐదుకు రెండున్నర ఇస్తాను, అందులో ఒకటిన్నర బందరు రోడ్డుకు, ఒకటి ఆ అమ్మాయికి.

రెండో స్థాయి తరగతికి రమ్మని ఫోన్లు వస్తున్నాయి. పన్నెండు వేలట, వేగంగా చదవడం రెండో భాగం కూడా ఉంటుందట. ప్రశ్నలు అడిగే అమ్మాయి ఉంటుందా అని అడిగాను. ఆమెకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిందని చెప్పారు. ఏ ఊరి బడిలో చేరిందో కనుక్కుందామంటే వాళ్లకు తెలియదట. మేము రెండో స్థాయిలో చేరడం లేదు.